గడప దాటని చదువు చదువేనా?

జూన్ నెల వచ్చిందంటే వీధివీధినా కొత్త సంచులు, కొత్త చెప్పులు, పిల్లలతో కిక్కిరిసిన ఆటోలు కనిపిస్తాయి. ఆ సందడిలో మన మొహల్లాలలోని కొన్ని ఇళ్ల తలుపులు మాత్రం దగ్గరగా వేసి ఉంటాయి. తలుపు వెనుక పన్నెండేళ్లదో పద్నాలుగేళ్లదో ఒక ఆడపిల్ల ఉంటుంది. నిరుటిదాకా ఆ అమ్మాయీ సంచి తగిలించుకుని వెళ్లినదే. ఎందుకు పంపడం లేదని అడిగితే తల్లిదండ్రులు ఈ మధ్య ఒక మాట చెబుతున్నారు: "ఇంట్లోనే చదివిస్తున్నాం".

ఈ మాట మాకు గత నాలుగైదేళ్లుగా తరచుగా వినిపిస్తోంది. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు ఇంటి చదువు అన్నది అందరికీ తెలిసిన మాటైంది. ఆ తరువాత బడులు తెరుచుకున్నా కొందరు పిల్లలు తిరిగి వెళ్లలేదు. మరికొందరి విషయంలో ఇల్లు నిజంగానే బడి అయింది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాను గుర్తించకపోతే, బడి మానిపించడానికి ఇంటి చదువు అన్నది గౌరవప్రదమైన ముసుగుగా మారిపోతుందని మేము భయపడుతున్నాము. ఈ నెల సంపాదకీయం ఆ భయంతోనే రాస్తున్నాము.

సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదికను మనం ఎన్నో సభలలో ప్రస్తావించాము. 6 నుండి 14 ఏళ్ల మధ్య వయసున్న ముస్లిం పిల్లలలో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని ఆ నివేదిక తేల్చింది. ముస్లిం పిల్లలంతా మదర్సాలకే పోతారన్న అపోహను కూడా అదే నివేదిక పటాపంచలు చేసింది. బడియీడు పిల్లలలో మదర్సాలలో చదివేవారు 3 శాతమేనని చెప్పింది. అంటే మన అసలు సమస్య మదర్సా కాదు. బడికీ మదర్సాకూ దేనికీ పోకుండా ఇంట్లోనో, దుకాణంలోనో, మెకానిక్ షెడ్డులోనో ఉండిపోయిన పిల్లలు. వారిని "ఇంట్లో చదువుతున్నవారు" అని పిలిచినంత మాత్రాన ఆ అంకె మారదు.

చట్టం ఏమంటున్నదో ముందు తెలుసుకుందాము. రాజ్యాంగంలోని 21ఏ అధికరణం 6 నుండి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. దాని ఆధారంగా వచ్చిన విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. పిల్లలను సమీపంలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టంలోని 10వ సెక్షన్ చెబుతోంది. ఇంటి చదువును ఆ చట్టం పేరు పెట్టి గుర్తించనూ లేదు, ఇంట్లో చదివించే తల్లిదండ్రులకు శిక్ష అంటూ విధించనూ లేదు. 2012లో జరిగిన సవరణ మదర్సాలను, వేద పాఠశాలలను ఆ చట్టం పరిధి నుండి మినహాయించింది.

మనవారిలో చాలామందికి తెలియని సెక్షన్ ఇంకొకటి ఉంది. 4వ సెక్షన్ ప్రకారం ఎన్నడూ బడిలో చేరని పిల్లలను గానీ, మధ్యలో మానేసిన పిల్లలను గానీ వారి వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. తోటివారితో సమానంగా రావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షన్ చెబుతోంది. కనుక రెండేళ్లు ఇంట్లో ఉన్న పిల్ల చిన్న తరగతిలో చిన్నపిల్లల పక్కన సిగ్గుపడుతూ కూర్చోవలసిన అవసరం లేదు. తలుపు ఒకసారి మూసుకుంటే ఇక తెరుచుకోదన్నది చట్టం రాసిన మాట కాదు, మనం అనుకున్న మాట.

ఎనిమిదో తరగతి దాటినవారికి ఓపెన్ స్కూల్ ఉంది. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా 14 ఏళ్లు నిండినవారు పదో తరగతికి నమోదు చేసుకోవచ్చు. తెలుగులోనూ ఉర్దూలోనూ పరీక్ష రాయవచ్చు. ఒకసారి నమోదైతే ఐదేళ్ల వ్యవధి ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. ఇంటి చదువు అన్న మాటకు కాగితం మీద ఒక ఆధారం, చివర ఒక పరీక్ష, ఆ పరీక్షకు ఒక తేదీ ఉండాలంటే ఇదే దారి. నమోదు లేని ఇంటి చదువు తారీఖు లేని చెక్కు వంటిది.

అయితే మేము ఈ రోజు చెప్పదలచినది నమోదు గురించి మాత్రమే కాదు. పుస్తకాలు తెచ్చి, నమోదు చేయించి, పిల్లను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టినా ఆ చదువు సగమే. మిగతా సగం గడప అవతల ఉంది. బడి పాఠాలు మాత్రమే చెప్పదు. పిల్ల రోజూ ఇంటి నుండి బయలుదేరుతుంది, రోడ్డు దాటుతుంది, పరాయి మనుషులతో మాట్లాడుతుంది, వేరే మతం పిల్లతో డబ్బా పంచుకుంటుంది, తన పేరు పిలిచినప్పుడు లేచి నిలబడుతుంది. బడి మాన్పించినప్పుడు పాఠాలతో పాటు ఇవన్నీ పోతాయి. పాఠాలను ఇంట్లో భర్తీ చేయవచ్చు. ఇవి ఇంట్లో భర్తీ కావు. పిల్లను చేయి పట్టుకుని బయటికి తీసుకుపోతేనే అవుతాయి.

ఇది ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్న ఆలోచన కాదు. భూమిపై సంచరించి సృష్టి ఎలా ఆరంభమైందో, పూర్వజాతుల పర్యవసానం ఏమైందో చూడమని దివ్య ఖుర్‌ఆన్ పలుచోట్ల మానవులను ఆదేశించింది. చూడమన్నది కళ్లతో. నడవమన్నది కాళ్లతో. ఇమామ్ బుఖారీ (రహ్మలై) చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. పెంచి, చదివించినది తల్లి. పదహారేళ్ల వయసులో తల్లితోనూ అన్నతోనూ కలిసి బుఖారా నుండి హజ్‌కు బయలుదేరారు. హజ్ ముగిశాక వారు తిరిగివెళ్లగా, ఆయన విద్యార్జనకై అక్కడే ఉండిపోయారు. హదీసు శాస్త్రంలో అంతటివారి జీవితం ఒక తల్లి ఇంట్లో మొదలై, ఆ తల్లి వెంట చేసిన ప్రయాణంలో మలుపు తిరిగింది. ఇంటినీ ప్రయాణాన్నీ మన పెద్దలు వేరుచేసి చూడలేదు.

నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో మాకు తెలిసిన కుటుంబం ఉంది. తండ్రికి బైకుల మెకానిక్ షెడ్డు. తల్లి ఇంటర్ దాకా చదువుకుంది. కరోనా తరువాత బడులు తెరిచినప్పుడు కొడుకును పంపారు, ఇద్దరు కూతుళ్లను మాన్పించారు. పెద్దమ్మాయికి అప్పటికి పదమూడేళ్లు. ఉన్నత పాఠశాల హైవే అవతల ఉంది. దారిలో ఆకతాయిల బెడద. చిన్నమ్మాయిని అక్క తోడు లేదని ఆపేశారు. మేము ఆ ఇంటికి వెళ్లి గట్టిగానే మాట్లాడాము. అప్పుడా తల్లి చెప్పిన మాట మేము మరచిపోలేదు. "అన్నా, నేను చదివిస్తా. కానీ కొడుకుకు ఊరంతా బడే. షెడ్డుకు పోతాడు, మైదానానికి పోతాడు, బస్టాండుకు పోతాడు. నా బిడ్డలకు ఏముంది, ఈ నాలుగు గోడలు తప్ప?"

ఆ ప్రశ్నలోనే ఆమెకు సమాధానం దొరికింది. ఫజర్ నమాజు తరువాత రెండు గంటలు, జుహర్ తరువాత రెండు గంటలు పుస్తకాలు. వారానికి ఒకరోజు బయట. మొదటి నెలలలో ఆ బయట అన్నది ఊరి పొలిమేర దాటలేదు. పోస్టాఫీసుకు వెళ్లి పిల్లలే స్వయంగా ఉత్తరం రాసి, పిన్‌కోడ్ వేసి, డబ్బాలో వేశారు. కూరగాయల సంతలో కాటా చూసి, పావుకిలో ధర నుండి కిలో ధర లెక్కకట్టారు. బ్యాంకులో తల్లి పేరిట డబ్బు జమచేసే కాగితాన్ని పెద్దమ్మాయి నింపింది. మొదటిసారి తప్పు నింపితే గుమాస్తా కసురుకున్నాడు. పిల్ల ఏడ్చింది. మరుసటి వారం మళ్లీ వెళ్లి సరిగ్గా నింపి వచ్చింది. ఈ రెండో వెళ్లడాన్ని ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేదని మేము అనుకుంటున్నాము.

తరువాత నాగార్జునసాగర్. ఆనకట్ట గేట్ల ముందు నిలబడి నీటి ఒత్తిడి గురించి చదివిన పాఠం గుర్తుచేసుకున్నారు. ఎడమ కాలువ వెంట కొంతదూరం నడిచి, ఆ నీరు ఏ ఊళ్ల పొలాలకు పోతుందో పటంలో గుర్తించారు. లాంచీలో నాగార్జునకొండ ద్వీపానికి వెళ్లి, జలాశయంలో మునిగిపోయే లోయ నుండి తరలించి కాపాడిన ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ శిల్పాలను చూశారు. "మన జిల్లాలో ఇంత పాతకాలం నుండి మనుషులు చదువుకున్నారా?" అని చిన్నమ్మాయి అడిగిందట. తన మతం కానివారి చరిత్రను గౌరవంతో చూడడం ఆ పిల్ల అక్కడ నేర్చుకుంది. మన చరిత్రను ఇతరులు గౌరవించాలని కోరే మనకు ఆ పాఠం చాలా అవసరం.

2023 డిసెంబర్ 9 నుండి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఆ తల్లి ధైర్యం చేసి హైదరాబాదుకు బయలుదేరింది. సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలన్నది పిల్లల కోరిక. తీరా వెళ్లినది శుక్రవారం. ఆ రోజు మ్యూజియానికి సెలవు. గేటు ముందు పిల్లల ముఖాలు వాడిపోయాయి. వెంట వచ్చిన మేనమామ నగరం తెలిసినవాడు. ఎదురుగా ఉన్న మూసీనే చూపించాడు. నయాపూల్ దాటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ విపత్తు తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. దగ్గరి మసీదులో జుమా ముగించుకున్న తండ్రి వచ్చాక, అందరూ 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన పురానాపూల్‌కు నడిచారు. వంతెన, వరద, చెట్టు, జలాశయం అన్నీ ఒకే నది కథ. నిజాం ప్రభువు, మైసూరు ఇంజనీరు, పేరు తెలియని వేలాది కూలీలు అందరూ ఆ కథలో ఉన్నారు. మ్యూజియాన్ని మరోసారి, శుక్రవారం కాని రోజున చూశారు.

ఈ కథకు ముగింపు ఇంకా ముఖ్యమైనది. పెద్దమ్మాయి ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి ఉత్తీర్ణురాలై ఇప్పుడు ఇంటర్ కళాశాలకు వెళుతోంది. ఒంటరిగా బస్సెక్కి వెళుతోంది. చిన్నమ్మాయిని వయసుకు తగిన తరగతిలో తిరిగి బడిలో చేర్పించారు. గణితంలో వెనుకబడి ఉంది, ఇంకా కష్టపడుతోంది. ఇంటి చదువు ఆ ఇద్దరికీ గమ్యం కాలేదు, వంతెన అయింది. గడప దాటడం అలవాటైంది కనుకనే అది వంతెన అయింది.

కోస్తా ఆంధ్ర సోదరులు ఇవన్నీ తెలంగాణ సంగతులని అనుకోనవసరం లేదు. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పథకం కింద మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం ఉంది. బందరుకు, అక్కడినుంచి పెడనకు పిల్లలను తీసుకువెళ్లండి. బందరు అన్నది పారసీ మాట, రేవు అని అర్థం. గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం ఆ పట్టణమే. 1611లో ఆంగ్లేయుల ఓడ అక్కడికే వచ్చింది. కలంకారీ కూడా పారసీ నుండి వచ్చిన మాటే. పెడనలో చెక్క అచ్చులతో బట్టలపై అద్దకం చూపించండి. కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన బట్టపై ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రవం తగలగానే నల్లబడుతుంది. పటిక అద్దినచోట మాత్రమే ఎరుపు రంగు పట్టుకుంటుంది. రసాయన శాస్త్రంలో నెల రోజులు వల్లెవేసినా ఎక్కనిది అక్కడ ఒక్క పూటలో కంటికి కనబడుతుంది. మన మాటలు, ఈ నేల చేతిపని, సముద్రం దాటిన వ్యాపారం ఒకే గుడ్డ మీద కలిసి ఉన్నాయని పిల్లలు తెలుసుకుంటారు. "మీరు ఎక్కడినుంచి వచ్చారు?" అని ఎవరైనా వారిని రేపు అడిగితే, తడుముకోకుండా సమాధానం చెప్పగలుగుతారు.

మరొక యాత్ర గురించి చెప్పాలి. దానికి బస్సు కూడా అక్కరలేదు. మేము మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా కుర్చీలో కూర్చున్నాము. కిటికీ అవతల మన సముదాయానికి చెందినవారు ఎలా నిలబడతారో రోజూ చూశాము. పదో తరగతి చదివినవారు కూడా దరఖాస్తును దళారీ చేతికిచ్చి దూరంగా చెట్టు కింద నిలుచునేవారు. చదువు రాక కాదు, కార్యాలయం అన్నది తమది కాదన్న భావన వల్ల. ఆ భావన చిన్నతనంలోనే పోవాలి. పిల్లలను మండల కార్యాలయానికి, మీసేవకు, గ్రామ సచివాలయానికి తీసుకువెళ్లండి. ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తును వారిచేతనే రాయించండి. రసీదు అడిగి తీసుకోవడం నేర్పండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబు రావాలని చెప్పి, ఊరి బడిలో మరుగుదొడ్ల గురించో ఉపాధ్యాయుల ఖాళీల గురించో పెద్దల పేరిట ఒక దరఖాస్తు వారిచేత రాయించండి. పౌరశాస్త్రానికి ఇంతకంటే మంచి పాఠం మాకు తెలియదు.

బయటికి వెళ్లడం మన పిల్లలకు అన్నివేళలా సులువు కాదని మాకు తెలుసు. ఒకసారి మేము పదిమంది పిల్లలను ఒక చారిత్రక కట్టడానికి తీసుకువెళ్లాము. టోపీలు, బురఖాలు చూసి కావలివాడు ఆపాడు. ఏ మదర్సా, ఎవరి అనుమతి అని అడిగాడు. పక్కనుండి మరొక బడి పిల్లలు వరుసగా లోపలికి వెళుతున్నారు. వారిని అడగలేదు. మేము వాదించలేదు. టిక్కెట్లు కొని చూపించి, అందరిలాగే వెళతామని మాత్రం చెప్పాము. కొంతసేపటికి పంపాడు. లోపల ఒక సమాధి రాతిపై అరబ్బీ అక్షరాలున్నాయి. మా వెంట వచ్చిన ఒక అమ్మాయి వాటిని కూడబలుక్కుంటూ చదువుతుంటే ఆ బడి పిల్లలు చుట్టూ చేరారు. "ఏం రాసింది అక్కా?" అని అడిగారు. ఆ అమ్మాయి తెలుగులో వివరించింది. తిరిగివచ్చేటప్పుడు ఆ పిల్ల నడకే మారింది. గేటు దగ్గర అవమానపడి వెనుదిరిగి ఉంటే ఆమెకు మిగిలేది గేటు జ్ఞాపకం ఒక్కటే. ఉమ్మడి స్థలాలలో మన ఉనికిని నిలుపుకోవడానికి ధర్నాలు, కోర్టులు అవసరమే. పిల్లలతో కలిసి మామూలుగా అక్కడికి వెళుతూ ఉండడం అంతకంటే తక్కువ పోరాటం కాదు.

కర్ణాటకలో 2022లో హిజాబ్ పేరిట తరగతి గది తలుపులు మూసినప్పుడు, ఇక ఇంటి చదువే మేలని మనలో కొందరు అన్నారు. అదే ఏడాది అక్టోబర్ 13న సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు. వారి ఆవేదనను మేము అర్థం చేసుకోగలము. కానీ మూసిన తలుపు ముందు నిలబడి తెరవమని అడిగేవారు లేకుండాపోతే ఆ తలుపు గోడ అవుతుంది. ఇంటి చదువు మన హక్కును మనమే వదులుకునే మార్గం కారాదు. వెళ్లగలిగిన బడి ఉన్నచోట బడికే పంపండి. ఇది మా స్పష్టమైన అభిప్రాయం. ఇంటి చదువు బరువంతా తల్లి మీద పడుతుందని, తోటి పిల్లలు లేని ఒంటరితనం పిల్లలను కుంగదీస్తుందని కూడా మరువరాదు. ఆడపిల్లకు రక్షణ లేదని ఆపేవారికి మేము చెప్పేది ఒక్కటే. లోకం ఎలా ఉంటుందో తెలిసిన పిల్లకు తనను తాను కాపాడుకోవడం కొంతైనా తెలుస్తుంది. గడప దాటని పిల్లకు పెళ్లినాడు ఒక్కసారిగా గడప దాటవలసి వస్తుంది, అదీ ఏ సిద్ధమూ లేకుండా.

ప్రభుత్వాలను మేము కోరేవి ఇవి. బడి మానిన ముస్లిం బాలికల లెక్కను మొహల్లాల వారీగా తీసి బయటపెట్టాలి. చట్టంలోని ప్రత్యేక శిక్షణను కాగితాల నుండి బస్తీలకు తేవాలి. ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్నచోట ఓపెన్ స్కూల్ అధ్యయన కేంద్రాలు పెట్టి మహిళా అధ్యాపకులను నియమించాలి. బడిదారిలో ఆడపిల్లలకు రక్షణ, హైవేలపై దాటే వసతి కల్పించాలి. మ్యూజియాలలో, కట్టడాలలో వివరణ ఫలకాలను తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించాలి. ఓపెన్ స్కూల్ విద్యార్థులకు కూడా బడి పిల్లలకిచ్చే టిక్కెట్ రాయితీ ఇవ్వాలి.

మన సముదాయాన్ని కోరేవి కూడా ఉన్నాయి. మసీదు కమిటీలు జుమా తరువాత ఐదు నిమిషాలు కేటాయించి, ఓపెన్ స్కూల్ ప్రవేశాల గడువును ప్రకటించాలి. రిటైరైన ఉపాధ్యాయులు, ఉద్యోగులు వారానికి ఒక పూట ఇవ్వాలి. నాలుగైదు కుటుంబాలు కలిస్తే తల్లులకు తోడు దొరుకుతుంది, పిల్లలకు నేస్తాలు దొరుకుతారు. పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ కుటుంబాల పిల్లలను కూడా ఈ యాత్రలకు పిలవాలి. వివాహాలకు అప్పులు చేసి పెట్టే ఖర్చులో వందో వంతు చాలు, ఒక మొహల్లా పిల్లలంతా ఏడాది పొడవునా విజ్ఞాన యాత్రలు చేయడానికి.

పాఠక సోదర సోదరీమణులారా! ఈ నెలలో ఒక్క పని చేయండి. మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో బడి మానిన పిల్ల ఉంటే ఆ పిల్లను తల్లితో సహా ఒక పూట బయటికి తీసుకువెళ్లండి. గ్రంథాలయమైనా సరే, చెరువు కట్టయినా సరే, తహసీల్దారు కార్యాలయమైనా సరే. తిరిగివచ్చాక ఏం చూశావని అడగండి. ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టినప్పుడు, మనం ఇన్నాళ్లూ ఏం మూసి ఉంచామో మనకే తెలుస్తుంది. ఆ తరువాత బడిలో చేర్పించడమా, ఓపెన్ స్కూల్‌లో నమోదు చేయించడమా అన్నది ఒక దరఖాస్తు పని. ఆ దరఖాస్తు రాసిపెట్టడానికి మేము సిద్ధంగా ఉన్నాము.